పీఎస్2 ఎమ్యులేటర్ స్లోగా నడుస్తుంటే గ్రాఫిక్స్ కార్డ్ కొనాలా?

ఇప్పుడే కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి పీసీఎస్‌ఎక్స్2లో (పీఎస్2 గేములను కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్) ఒక గేమ్ 50 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దాటట్లేదు. ఇంకోటి 60 ఉండాల్సింది 40 దగ్గర ఊగుతూ మాటలు సాగదీస్తోంది. ఈ రెండింటికీ సంబంధం లేదు. మొదటిదాంట్లో అసలు సమస్యే లేదని నా అనుమానం.

మన దేశంలో అధికారికంగా అమ్మిన పీఎస్2 డిస్కులు పాల్ రకం. పాల్ అనేది పాత టీవీ ప్రమాణం, అందులో తెర సెకనుకు 50 సార్లు మారుతుంది. అమెరికా, జపాన్ డిస్కులైతే ఎన్‌టీఎస్‌సీ, అంటే 59.94. డిస్క్ నంబర్ ఎస్‌ఎల్‌ఈఎస్ అనో ఎస్‌సీఈఎస్ అనో మొదలైతే అది పాల్ డిస్కే, 50 అంటే ఫుల్ స్పీడ్. కొన్ని పాల్ గేములు మొదట్లో 60 హెర్ట్జ్ కావాలా అని అడుగుతాయి, అడిగితే సరే అనండి. 25కో 30కో తయారైన గేములు కూడా చాలా ఉన్నాయి. అందుకే ఎఫ్‌పీఎస్ అంకెను వదిలేసి పక్కనున్న స్పీడ్ శాతం చూడండి. 100 ఉంటే కన్సోల్ వేగం వచ్చినట్టే.

రెండో గేమ్‌ది నిజమైన బాధ. పీసీ గేమ్‌లో ఫ్రేములు తగ్గితే మామూలుగా బొమ్మ కుదుపుతుందంతే, కథ తన వేగంతో తాను నడుస్తుంది. ఎమ్యులేటర్‌లో అలా కాదు, ఆ మెషీన్ గడియారమే నెమ్మదిస్తుంది. పరుగు, ఫైటింగ్, టైమర్ అన్నీ స్లో మోషన్ అయిపోతాయి. ఆ వేగానికి సరిపెట్టడానికి ఎమ్యులేటర్ శబ్దాన్ని లాగుతుంది, మీకు మాటలు సాగినట్టు వినిపించేది అదే.

2000లో వచ్చిన, 300 మెగాహెర్ట్జ్ కూడా లేని చిప్‌కి ఐ5 ఎందుకు చాలట్లేదని అడిగారు. పీఎస్2లో ఉన్నది ఒక్క చిప్ కాదు. ఎమోషన్ ఇంజిన్, దానిలోనే రెండు వెక్టర్ యూనిట్లు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ సింథసైజర్, ఇన్‌పుట్ పనులకు పాత పీఎస్1 ప్రాసెసర్. ఇవన్నీ ఒకదానికోసం ఒకటి ఆగుతూ పనిచేస్తాయి. వాటి ఆదేశాలన్నిటినీ మన ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చాలి. ఆ పనిని ఎనిమిది కోర్లకు పంచడం కుదరదు, భారమంతా రెండు మూడు థ్రెడ్ల (ఒక్కో కోర్ మీద నడిచే పని వరుసల) మీదే పడుతుంది. కాబట్టి ఒక్కో కోర్ ఎంత వేగమన్నదే లెక్క.

నాది ఐ5-8250యూ ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఛార్జర్ పెట్టి ఆడితే 100 శాతం, తీసేస్తే 70కి పడిపోయేది. ఎండాకాలంలో ఛార్జర్ ఉన్నా కాసేపటికి అదే కథ. ఆ చిప్ 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుందని రాసి ఉంటుంది కానీ, అది 15 వాట్ల చిప్, వేడెక్కితే ఆ వేగం నిలవదు. పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చి, ఫ్యాన్ దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ వేయించాక మళ్లీ పడలేదు. తర్వాత రెండో ర్యామ్ స్టిక్ వేశాను. ఇంటెల్ గ్రాఫిక్స్ మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు రెట్ల రిజల్యూషన్ కూడా ఆడదగ్గట్టు అయింది. కార్డ్ ధరతో పోలిస్తే ఇదంతా చిల్లర ఖర్చు.

మీరు మాత్రం ముందు కొలవండి. సెట్టింగ్స్‌లో ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే దగ్గర సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం రెండూ టిక్ చేసి, స్లో అయ్యే చోటికి వెళ్లండి. ఈఈ (ఎమోషన్ ఇంజిన్ పని) 100కి దగ్గరగా ఉంటే ప్రాసెసర్ చాలట్లేదు, ఎంత కార్డ్ పెట్టినా దండగే. ఎంటీవీయూ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, దానితో వెక్టర్ యూనిట్ పని వేరే థ్రెడ్‌కి వెళ్తుంది. జీపీయూ నిండిపోతే ఇంటర్నల్ రిజల్యూషన్ నేటివ్‌కి, అంటే పీఎస్2 అసలు రిజల్యూషన్‌కి దించండి.

యూట్యూబ్ వీడియోల్లో చెప్పే ఈఈ సైకిల్ స్కిప్ జోలికి తొందరపడి పోకండి. స్పీడ్ 100 అని చూపిస్తుంది, గేమ్ మాత్రం లోపల ఫ్రేములు మింగేస్తుంది. దీనికి సరిగ్గా తిరగేసిన సెట్టింగ్ కూడా ఉంది, ఎమోషన్ ఇంజిన్ వేగాన్ని మార్చే ఈఈ సైకిల్ రేట్. షాడో ఆఫ్ ది కొలాసస్ గేమ్ అసలు పీఎస్2 మీదే చాలాచోట్ల 30 కూడా అందుకోలేదు. గట్టి ప్రాసెసర్ ఉంటే ఆ రేట్‌ని 130 శాతానికో 180కో పెంచి, దాన్ని కన్సోల్ కన్నా సాఫీగా ఆడొచ్చు.

నేటివ్ రిజల్యూషన్‌లోనూ జీపీయూ 100 దగ్గరే ఉండి, ఈఈ ఖాళీగా కనిపిస్తే అప్పుడు కార్డ్ గురించి ఆలోచించండి. అదీ డెస్క్‌టాప్ అయితేనే.