అమ్మకి టాబ్లెట్ కొనే విషయంలో తమ్ముడికీ నాకూ మాటల్లేవు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, విశాఖలో ఉంటాను. అమ్మకి 72. నాన్న పోయాక శ్రీకాకుళంలో మా సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. 2018లో కొన్న సిమ్ టాబ్లెట్ ఒకటి ఉంది. అందులో ప్రవచనాలు, వంటల వీడియోలు చూస్తుంది. ఆదివారం పొద్దున్న అమెరికాలో ఉన్న మనవడితో వాట్సాప్‌లో మాట్లాడుతుంది. మామూలు కాల్స్‌కి బటన్ ఫోనే. టాబ్లెట్ ఇప్పుడు బాగా స్లో అయింది, వెనకవైపు కాస్త ఉబ్బింది కూడా. అమెరికా నుంచి తమ్ముడు ‘అప్పా, డబ్బు నేను పంపిస్తాను, ఐప్యాడే కొను’ అంటాడు. అంత ఖరీదైంది ఎందుకు, మామూలుది చాలు అంటాను నేను. మాటా మాటా పెరిగి ‘అక్కడ కూర్చుని చెప్పడానికేం, చేసేదంతా నేను’ అనేశాను. అమ్మేమో ‘నాకేటీ వద్దే, ఇదే సాలు’ అంటుంది. విసుగొచ్చి ఆవిడ మీదా అరిచాను. అప్పట్నుంచి వీడియో కాల్ చేస్తే ‘చార్జింగ్ లేదు’ అని పెట్టేస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నిటికంటే ముందు ఆ ఉబ్బిన టాబ్లెట్ సంగతి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. వెనక అట్ట ఉబ్బిందంటే లోపలి లిథియం బ్యాటరీ పాడై గ్యాస్ పట్టిందని అర్థం. అలాంటిది అంటుకునే ప్రమాదం ఉంది. ఇవాళే బటన్ ఫోన్‌కి కాల్ చేసి అమ్మకి మూడు మాటలు చెప్పండి: చార్జింగ్ పెట్టొద్దు, మంచం మీద, దిండు కింద ఉంచొద్దు, ఉబ్బినచోట నొక్కొద్దు. మీరు వెళ్లినప్పుడు తీసుకెళ్లి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. ఇంట్లో ఎవరూ విప్పకూడదు.

ఇంకో మాట. పాడైన బ్యాటరీలో చార్జింగ్ నిలవదు. ‘చార్జింగ్ లేదు’ అన్న మాటని మీరు అలక అనుకున్నారు. ఆవిడ ఉన్నమాటే చెప్పి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘నాకేటీ వద్దే’ అనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. పిల్లలు దాన్ని పొదుపు అనుకుంటారు, లేదా మొండితనం అనుకుంటారు. నాకు అందులో భయం వినిపిస్తుంది. పాతదాన్ని మీ అమ్మగారు ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్నారు. ఏ బొమ్మ ఏ మూల ఉందో, వెనక్కి రావాలంటే కింద ఎక్కడ నొక్కాలో ఆవిడ వేలికి తెలుసు. కొత్తది వచ్చిందంటే మళ్లీ అడగాలి. పక్కింటి కుర్రాణ్ణి పిలవాలి, వాడు టకటకా నాలుగు నొక్కి ‘అయిపోయింది మామ్మా’ అని వెళ్లిపోతే ఏం చేశాడో తెలియక కూర్చోవాలి. మీకు ఫోన్ చేస్తే మీరు ఆఫీసులో ఉంటారు. ఒక్కతే ఉంటూ ఇల్లంతా తనే నడుపుకుంటున్న మనిషికి ఈ అడగడం ఎంత బరువో ఆలోచించండి.

మా పెద్దమ్మది నరసన్నపేట. కొడుకు ముచ్చటపడి ఖరీదైన ఫోన్ కొని పంపాడు. ఆరు నెలల తర్వాత నేను వెళ్లి అడిగితే బీరువా తాళం తీసి, పట్టుచీరల మధ్య నుంచి అట్టపెట్టెతో సహా తీసి చూపించింది. మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. ‘పాడైపోతే ఆడికి ఏటని సెప్పనే’ అంది. కొడుకు మీద ప్రేమతోనే దాచింది. కానీ ఆ ఆరు నెలలూ కొడుకు మొహం చూడకుండా గడిపింది.

అందుకని నా సలహా ఇది. ఏ టాబ్లెట్ కొంటే అమ్మ ఎవరినైనా అడగాల్సిన సందర్భాలు తక్కువగా వస్తాయో, అదే కొనండి. మీ తమ్ముడితో కూడా ఈ లెక్కే మాట్లాడండి, ధర మాట ఎత్తకండి. ఐప్యాడ్ మంచి వస్తువే, చాలా ఏళ్లు అప్‌డేట్లు కూడా వస్తాయి. అది కొనాలనడంలో అతని ప్రేమ ఉంది. దూరాన ఉన్నవాడు చేతితో చేయలేనిది డబ్బుతో చేయాలనుకుంటాడు. ఆ మాటని మీరు గొప్పలకి పోవడంగా తీసుకున్నారేమో. కానీ మీ అమ్మగారికి అలవాటైంది ఆండ్రాయిడ్. ఐప్యాడ్‌లో కింద ఆ బ్యాక్ గుర్తు ఉండదు. పైగా ఐప్యాడ్‌కి వాట్సాప్ యాప్ 2025 మేలో వచ్చింది, అదీ ఫోన్‌లో ఉన్న వాట్సాప్‌కి లింక్ చేసుకుని వాడేలా వచ్చింది. మీ అమ్మగారిది బటన్ ఫోన్. మనవడితో మాట్లాడటానికి కొన్న వస్తువులో ఆ పనికే తిప్పలు పడాలి. ఇది చెబితే మీ తమ్ముడు కాదనడని నా నమ్మకం.

కాబట్టి ఆండ్రాయిడ్, వీలైతే పాతదాని కంపెనీదే. సిమ్ వేసుకునేది అయి ఉండాలి, ఎందుకంటే ఒకే మోడల్‌లో వైఫై మాత్రమే ఉన్నదీ అమ్ముతారు. తక్కువకి వస్తోందని అది కొంటే, అమ్మగారి ఇంట్లో వైఫై లేకపోతే పలకలా పడి ఉంటుంది. పాత సిమ్ అందులో వేయించి, అదే నంబరుతో వాట్సాప్ తెరిపించి, షాపులో నిలబడే మీ ఫోన్‌కి ఒక వీడియో కాల్ చేసి చూశాకే డబ్బు కట్టండి. ఆవిడ చేసే పనులకి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉంటే సరిపోతుంది. 

సైజు దగ్గర మాత్రం తొందరపడొద్దు. పెద్ద స్క్రీన్ కంటికి హాయి, చేతికి బరువు. ఉదాహరణకి శామ్‌సంగ్ గెలాక్సీ టాబ్ ఏ9 స్క్రీన్ 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు. దాని అన్న ఏ9 ప్లస్ 11 అంగుళాలు, 480 గ్రాములు. దాదాపు అరకిలో పంచదార పొట్లం ఒంటిచేత్తో పట్టుకుని గంటసేపు ప్రవచనం వినడం 72 ఏళ్ల మణికట్టుకి కష్టం. పడుకుని చూసే అలవాటుంటే మొహం మీద పడుతుంది కూడా. కూర్చుని చూస్తారంటే పెద్దదే తీసుకోండి. భాగవతం పెట్టుకుని చదివే వ్యాసపీఠం ఇంట్లో ఉందా? మా పెద్దమ్మకి తర్వాత ఇచ్చిన టాబ్లెట్ దాని మీదే ఉంటుంది. పుస్తకం కోసం చేసిన ఆ వాలు టాబ్లెట్‌కి అచ్చంగా కుదిరింది. రెండు చేతులూ ఖాళీ, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింటుంది.

ఈ సైజు సంగతి మీరూ మీ తమ్ముడూ తేల్చేది కాదు. ఆవిణ్ణి షాపుకి తీసుకెళ్లండి. ఆదివారం అరసవల్లిలో జనం ఎక్కువ కాబట్టి శనివారం వెళ్లి, దర్శనం చేయించి, అటునుంచి ఊళ్లోకి రండి. రెండూ చేతికిచ్చి పది నిమిషాలు మాట్లాడకుండా పక్కన నిలబడండి. ‘ఇది బాగుంది’ అని ఆవిడ నోటితో అన్నదే తీసుకోండి.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రం అంతా దీనికే ఉంచండి. కొత్తదాంట్లో బొమ్మలు పాతదాంట్లో ఉన్న మూలల్లోనే పెట్టండి. అక్కర్లేనివి తీసేయండి. అక్షరాల సైజు అమ్మ కళ్లజోడు పెట్టుకున్నాక ఆవిడని అడుగుతూ పెంచండి. మరీ పెద్దది చేస్తే బటన్లు స్క్రీన్ బయటికి పోతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ అని ఉంటుంది, దాన్ని ‘లాంగ్’ చేయండి. పెద్దవాళ్లు వేలు కాస్త ఎక్కువసేపు ఆనిస్తారు. టాబ్లెట్ దాన్ని నొక్కిపట్టడం అనుకుని ఏవేవో మెనూలు తెరుస్తుంది, బొమ్మలు చోటు మారిపోతాయి. ‘నేనేటీ సెయ్యలేదు, అదే పోయింది’ అని ఆవిడ ఎప్పుడైనా అని ఉంటే, అది అబద్ధం కాదు.

తర్వాత ఒక నోట్‌బుక్ ఇచ్చి ఆవిడ చేతే, ఆవిడ మాటల్లోనే రాయించండి. ‘ఆకుపచ్చ ఫోన్ బొమ్మ, తర్వాత బుజ్జిగాడి ఫొటో, తర్వాత కెమెరా గుర్తు.’ మీరు రాసిస్తే అది మీ భాష అవుతుంది. నేర్పేటప్పుడు టాబ్లెట్ ఆవిడ చేతిలోనే ఉండాలి, మీ వేలు స్క్రీన్ మీదకి వెళ్లకూడదు. మీకు విసుగు వచ్చేది ఇక్కడే. అప్పుడు లేచి టీ పెట్టుకురండి.

బ్యాంకు యాప్, యూపీఐ అందులో వేయొద్దు. పోలీసులమనీ, సీబీఐ అనీ చెప్పి వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించే మోసాలు జరుగుతున్నాయి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. తెలియని వీడియో కాల్ వస్తే కట్ చేసి మీకు చెప్పమనండి, అందుకు ఎవరూ తిట్టరని కూడా చెప్పండి. నోట్‌బుక్ మొదటి పేజీలో మీ నంబరు, దాని కింద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 పెద్ద అక్షరాలతో రాయండి.

మీ అలసట నిజం. పరుగెత్తుకెళ్లేది మీరే, ఆ కష్టం డాలర్లలో తీరేది కాదు. ఆ మాట తమ్ముడికి చెప్పండి, కానీ టాబ్లెట్ గొడవలో కలిపి చెప్పకండి. డబ్బు అతన్ని ఇవ్వనివ్వండి. దాంతోపాటు ఒక పని కూడా అప్పగించండి: నెలకోసారి అమ్మకి వీడియో కాల్ చేసి, నోట్‌బుక్ చూస్తూ ఏదో ఒక్క కొత్త పని ఆవిడ చేత చేయించడం. దానికి శ్రీకాకుళం రానక్కర్లేదు.

అమ్మకి మాత్రం శనివారం దాకా ఆగకండి. బ్యాటరీ సంగతి చెప్పడానికి చేస్తారు కదా, ఆ కాల్‌లోనే ‘మొన్న అరిచాను, తప్పు నాదేనమ్మా’ అనేయండి. పిల్లలిద్దరూ తన వల్లే దెబ్బలాడుకున్నారన్న బాధ ఆవిడకి ఉంటుంది. తమ్ముడితో మాట్లాడానని కూడా చెప్పగలిగితే ఆ రాత్రి నిద్రపడుతుంది.

వచ్చేటప్పుడు పాత చార్జర్ మీతో తెచ్చేసుకోండి. కొత్తదానికి టైప్-సి ఉంటుంది, పాత వైరు ఆ ప్లగ్గు దగ్గరే వేలాడుతుంటే అలవాటుగా దాన్నే గుచ్చబోతారు.