టెక్ సందేహాలు: మ్యాపు మీద ఆ గీత ఎవరు గీశారు?

ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే ఫిర్యాదు రకరకాలుగా కనిపిస్తోంది. "ఆన్‌లైన్ మ్యాపులో మా భూమి అభయారణ్యంలో ఉన్నట్టు చూపిస్తోంది" అని ఒకరు, "లేనట్టే చూపిస్తోంది, కానీ అధికారులు ఒప్పుకోవడం లేదు" అని మరొకరు. చేపల చెరువుల రైతులు, పర్యావరణ అనుమతుల ఫైళ్లు తయారుచేసే ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు, తీరంలో తాబేళ్ల గుడ్లకు కాపలా కాసే వాలంటీర్లు రాశారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు చెబుతున్నాను.

కైకలూరు దగ్గర మాకు చేపల చెరువు ఉంది. అది కొల్లేరు సరస్సు +5 కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) లోపలికి వస్తుందో లేదో చూద్దామని ఎత్తు చూపించే యాప్ వేసుకున్నాను. గట్టు మీద నిలబడితే సముద్ర మట్టానికి పదుల మీటర్లు కింద ఉన్నట్టు మైనస్ అంకె వస్తోంది. మా బావమరిది ఫోన్‌లో ఇంకో అంకె. దేన్ని నమ్మాలి?

దేన్నీ నమ్మకండి. మీ ఫోన్ చెడిపోలేదు. ఉపగ్రహాల నుంచి ఫోన్ లెక్కగట్టే ఎత్తు, భూమిని నున్నటి గుడ్డు ఆకారంగా ఊహించుకుని గీసిన ఒక గణిత ఉపరితలం నుంచి కొలిచినది. అసలు సముద్ర మట్టం ఆ ఉపరితలంతో కలవదు. భూమి ఆకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి సముద్రం కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన అది ఏకంగా 100 మీటర్లకు పైగా కిందికి దిగి ఉంది. మన కోస్తాలో కూడా తేడా పదుల మీటర్లలోనే ఉంటుంది. కొన్ని యాప్‌లు ఈ తేడాను సవరించి చూపిస్తాయి, కొన్ని చూపించవు. మీకూ మీ బావమరిదికీ అంకెలు కలవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

సవరించినా మీ పని జరగదు. +5 కాంటూరు అంటే 5 అడుగులు, అంటే మీటరున్నర. ఫోన్ చెప్పే ఎత్తులో తప్పే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఆ కాంటూరునే హద్దుగా తీసుకున్నారు. దాని లోపల 300 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు అది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టిన రోజులు మీ ఊళ్లో పెద్దలకు గుర్తుండే ఉంటాయి. పక్షుల బతుకూ మనుషుల బతుకూ ఆ మీటరున్నర మీద ఆధారపడి ఉన్నాయి. ఉచిత యాప్ చూపించే అంకెతో తేలే వ్యవహారం కాదు.

ఇంకో సంగతి. ఉచిత వెబ్ మ్యాపుల్లో కనిపించే ఎత్తుల లెక్కల్లో చాలావాటికి మూలం 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. ఆ ప్రాజెక్టు నిలువు కొలతలో పెట్టుకున్న లక్ష్యమే 16 మీటర్ల లోపు తప్పు. రాడార్‌కు చెట్టు కొమ్మా చెరువు గట్టూ నేలలాగే కనిపిస్తాయి. దానితో ఎవరైనా మీకు "కొల్లేరు 5 అడుగుల కాంటూరు" గీసి ఇచ్చి డబ్బులు అడిగితే ఇవ్వకండి. బెంచ్‌మార్కు (ఎత్తు ఖాయంగా తెలిసిన గుర్తు) నుంచి లెవెలింగ్ చేసి ఎత్తులు కొలిచిన సర్వే ఒక్కటే నిలబడుతుంది. అటవీ శాఖ, రెవెన్యూ సర్వే వాళ్ల దగ్గర ఉన్న పటం నకలు రాతపూర్వకంగా అడగండి. మీ సర్వే నంబరు అందులో ఎక్కడుందో చూపించమనండి.

సైటు మూలల కోఆర్డినేట్లు టైపు చేసి కేఎంఎల్ ఫైలు (మ్యాపు మీద బిందువులు, హద్దులు చూపించే ఫైలు) చేస్తే, మా ప్రాజెక్టు నార్వేకి పైన సముద్రంలో పడింది. అది సరిచేశాక, పాత టోపోషీట్ (ప్రభుత్వ సర్వే పటం) నుంచి గీసిన రిజర్వు ఫారెస్టు హద్దు సుమారు 200 మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తోంది. రేపే అప్‌లోడ్ చేయాలి. టెన్షన్‌గా ఉంది. – రాజమండ్రి నుంచి

మొదటిది చిన్న పొరపాటు. మనం నోటితో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చెబుతాం. కేఎంఎల్ ఫైలులో రేఖాంశమే ముందు ఉండాలి. 17, 81 అని రాస్తే ఉత్తర ధ్రువం దగ్గర తేలతారు. బహుభుజి గీసేటప్పుడు మొదటి బిందువునే చివర మళ్లీ రాయడం కూడా మరచిపోకండి.

రెండోది అసలు సమస్య. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత నమూనా మీద గీసినవి. ఫోన్లు, వెబ్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త నమూనా వాడతాయి. మన ప్రాంతంలో రెండింటికీ తేడా 100 మీటర్లు దాటుతుంది. కాబట్టి జరిగింది అడవి కాదు, మీరు మార్పిడి చేయకుండా గీసిన గీత. 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత అందరూ వాడుకోవడానికి వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటాయి. వాటితో పోల్చుకోండి. రేపు అప్‌లోడ్ చేయాల్సినది అనుమతి దరఖాస్తు. తప్పు హద్దుతో పంపితే రేపటి గడువు కంటే పెద్ద చిక్కు వస్తుంది. ఒక రోజు ఆలస్యమైతే మీ పైవాళ్లతో ఒకసారి మాట పడతారు, అంతే. ఆగండి.

మా క్వారీ అనుమతి ఫైలంతా పరివేష్ పోర్టల్‌లో ఉంది. కన్సల్టెంట్ మారిపోయాడు. ఓటీపీ అతని నంబరుకే వెళ్తోంది.

ఇది మీ స్వయంకృతం అని చెప్పక తప్పదు. పర్యావరణం, అడవి, వన్యప్రాణి, తీరప్రాంత అనుమతులన్నీ ఒకేచోట పెట్టాలని కేంద్రం 2018లో తెచ్చిన పోర్టల్ అది. అందులో మీ భూమి, మీ హామీలు, మీ షరతులు అన్నీ ఉంటాయి. ఇంటి పట్టా బయటివాడి బీరువాలో దాచుకోం కదా. మెయిల్, మొబైల్ రెండూ సంస్థవే పెట్టండి. ఉద్యోగి మారినా నంబరు మారకూడదు. ఇప్పుడు మాత్రం అతన్ని బతిమాలో, పోర్టల్ సహాయ విభాగానికి సంస్థ లెటర్‌హెడ్ మీద రాసో మార్పించుకోండి.

ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్లు గుర్తించే వాలంటీర్లం. రుజువు కోసం అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే కెమెరా యాప్ వాడుతున్నాం. ఆ ఫొటోలు గ్రూపుల్లో పెడతాం. ఒక ఉచిత వెబ్‌సైట్‌లో అన్నీ కలిపి మ్యాపు కూడా చేశాం. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు. ఇందులో రిస్క్ ఏమైనా ఉందా?

ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను భయపెట్టింది ఇదే.

మీరు రాత్రుళ్లు నిద్ర మానుకుని చేస్తున్న పని ఎంత గొప్పదో నాకు తెలుసు. అందుకే గట్టిగా చెబుతున్నాను. గుడ్లు తవ్వుకుపోయేవాడికి ఇసుకలో గూడు కనిపెట్టడమే కష్టమైన పని. ఆ పని మీరు చేసి, మీటర్లలో తేల్చి, ఫొటో మీద అచ్చువేసి గ్రూపులో పెడుతున్నారు. 400 మంది ఉన్న గ్రూపులో ఎవరు ఎవరికి పంపుతారో మీకు తెలియదు.

ఇది నా ఊహ కాదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా అభయారణ్యంలో 2009 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదు. బయటి నుంచి పులులను తెచ్చి, మెడకు జాడ తెలిపే కాలర్లు కట్టి, మళ్లీ మొదలుపెట్టారు. అక్కడి ఒక పులి ఎక్కడుందో చెప్పే సందేశాలు వచ్చే ఈ-మెయిల్ ఖాతాలోకి 2013లో పుణె నుంచి ఎవరో చొరబడబోయారు. మెయిల్ సర్వీసే అనుమానించి అడ్డుకుంది కాబట్టి సరిపోయింది. పులికి కాపలాగా సిబ్బంది ఉన్నారు. మీ తాబేలు గూటికి లింకు తెరవనివ్వకపోవడం ఒక్కటే కాపలా.

ఇక మీరు చేస్తున్నవి ఒక్కొక్కటిగా చూద్దాం. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అందులో దాగి ఉన్న లొకేషన్ సమాచారం తొలగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటుంది. కానీ మీ యాప్ కోఆర్డినేట్లను బొమ్మ మీదే ముద్రిస్తుంది కాబట్టి ఎలా పంపినా పోదు. ఉచిత వెబ్‌సైట్ మీ ఫైలును ఎక్కడ దాచుకుంటుందో, ఎన్నాళ్లు ఉంచుకుంటుందో చదివారా? చదివి ఉండరు. "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టారంటే ఎవరైనా అనే అర్థం. మార్చే హక్కు కూడా ఇచ్చి ఉంటే, ఎవరో ఒక బిందువును అర కిలోమీటరు జరిపినా మీకు తెలియదు. రేపు ఆ గూళ్ల పక్కన కట్టడానికి అనుమతి అడిగినప్పుడు మీ దగ్గర ఉన్న రుజువు అదే.

ఇంకో ప్రమాదం చాలామంది ఎరగరు. కేఎంఎల్ ఫైలు అంటే బొమ్మ అనుకుంటారు. అది రాత ఫైలు. తెరిచినప్పుడల్లా బయటి సర్వరు నుంచి సమాచారం తెచ్చుకునే లింకు అందులో పెట్టవచ్చు. అలాంటి ఫైలు తెరిస్తే మీ ఇంటర్నెట్ చిరునామా అవతలివాడికి తెలుస్తుంది. నిన్న చూపించిన హద్దు ఇవాళ మారిపోవచ్చు కూడా. ఎవరు పంపారో తెలియని కేఎంఎల్‌ను ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, లోపల వెబ్ చిరునామాలు ఏమున్నాయో చూడండి.

మీరు చేయాల్సింది ఇది. ఆ లింకు ఇవాళే మూసేయండి. మీటర్ల దాకా ఉన్న అసలు లొకేషన్లు ఇద్దరి దగ్గర, అటవీ శాఖ అధికారి దగ్గర మాత్రమే ఉండాలి. అందరికీ చూపించే మ్యాపులో కోఆర్డినేట్లను రెండు దశాంశ స్థానాలకు కుదించండి. అది కిలోమీటరు తేడా. ఏ ఊరి తీరంలో ఎన్ని గూళ్లున్నాయో తెలియడానికి అది చాలు. ప్రకృతి పరిశీలనలు నమోదుచేసే పెద్ద అంతర్జాతీయ వేదికలు కూడా అరుదైన జీవుల లొకేషన్‌ను ఇలాగే మసకబరుస్తాయి. గూళ్లు ఖాళీ అయ్యాక, పిల్లలు సముద్రంలోకి వెళ్లాక ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి.

ఫొటో మీద లొకేషన్ ముద్రించే యాప్‌ల గురించి ఒక మాట. వాటిలో చాలావాటిలో లొకేషన్‌ను చేత్తో మార్చుకునే వీలుంది. ఇంట్లో కూర్చుని అడవిలో మొక్కలు నాటినట్టు ఫొటో తీయవచ్చు. దాన్నే ఆఫీసులు రుజువుగా తీసుకుంటున్నాయి. నిజాయితీగా కష్టపడేవాళ్ల గూళ్లను బయటపెట్టేది, అబద్ధం చెప్పేవాడిని పట్టుకోలేనిది అయిన పరికరం రుజువుకు పనికిరాదు.

మా మామిడితోట ఒక వెబ్ మ్యాపులో అడవి అని ఆకుపచ్చగా ఉంది. అటవీ శాఖ తీసేసుకుంటుందా?

తీసుకోదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారుకు తగ్గని ఏ స్థలమైనా, అందులో పదో వంతు చెట్ల నీడ ఉంటే, అది ఎవరిదైనా సరే, అటవీ విస్తీర్ణమే. చట్టం చెప్పే అడవి వేరు. నిశ్చింతగా కాయలు కోసుకోండి.

కానీ దీనికి రెండో వైపు ఉంది. దాని గురించి ఎవరూ ఉత్తరం రాయరు. చెట్లున్న తోట అడవి అయినట్టే, చెట్లు తక్కువున్న ముళ్లపొద నేల మ్యాపులో బంజరు అవుతుంది. దేశపు బంజరు భూముల అట్లాసులో పొదల నేలలకు ఒక వర్గమే ఉంది. ఏ ప్రాజెక్టుకైనా స్థలం వెతికేవాడు వెబ్ మ్యాపు తెరిచి ముందు ఆ రంగు మీదే వేలు పెడతాడు.

కడప జిల్లా కలివికోడి ఉండేది సరిగ్గా అలాంటి నేలలోనే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. దానికోసమే లంకమల అభయారణ్యం ప్రకటించారు. అయినా 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం యంత్రాలు దాని ఆవాసంలోకి దిగాయి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు చూసి ఊరుకోలేదు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్లి వాటి మీద పడిన కాలిముద్రలు వెతికారు. పక్షి ఏ పొదల్లో తిరుగుతుందో వాళ్లు ముందే చెప్పగలిగారు కాబట్టి కాలువ దారి మార్చారు.

వెబ్ మ్యాపులు తయారుచేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మ్యాపులో ప్రతి పొర పక్కన అది ఎప్పుడు, దేని నుంచి, ఏ స్కేలులో గీశారో రాయండి. 1:50,000 స్కేలులో గీసిన పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఆ గీతను ఇంటి పైకప్పు కనిపించేదాకా జూమ్ చేయనిస్తున్నారు. అది చూసి రైతు నిద్ర పోగొట్టుకుంటున్నాడు, కన్సల్టెంట్ కేఎంఎల్ గీసేస్తున్నాడు. ఆ స్కేలు దాటాక గీతను మసకగా చూపించడం ఏ ప్రోగ్రామర్‌కైనా ఒక పూట పని.

మామిడితోట పాఠకుడికి: మీ దగ్గర ముళ్లపొదల బీడు కూడా ఉంటే, అది మ్యాపులో ఏ రంగులో ఉందో చూసి నాకు రాయండి.