45 ఏళ్ళ వయసులో డిగ్రీ గురించి

రామచంద్రపురం దగ్గర కౌలు సేద్యం చేసుకుంటూ, పదో తరగతితో ఆగిన చదువును 45 ఏళ్ళ వయసులో డిగ్రీ దాకా తీసుకువెళ్ళగలనా అని అడిగారు కదండీ, నిస్సందేహంగా వెళ్ళవచ్చు. గరిష్ఠ వయోపరిమితి ఏదీ అడ్డురాదు. ముందుగా ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తి చేయండి. ఆ తరువాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరితే, 3 ఏళ్ళ డిగ్రీని 6 ఏళ్ళలోపు మీ వీలునుబట్టి ముగించవచ్చు.

అక్కడ పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతాయి. డిసెంబరు ప్రాంతంలో సార్వా (వానాకాలపు వరి) కోతలు, నూర్పిళ్ళు మీద పడే రోజుల్లో పుస్తకం పట్టడం కల్ల (అందులోనూ తుపాను హెచ్చరిక వస్తే ఇక చెప్పేదేముంది) కనుక, దాళ్వా (రెండో పంట వరి) ధాన్యం అమ్ముడయ్యాక జూన్‌లోనే ఎక్కువ పేపర్లు రాసుకోవడం మేలు. అసైన్‌మెంట్లను మాత్రం గడువులోగా అందజేయండి. వాటిని ఇవ్వనిదే ఆ పేపరు పూర్తయినట్టు లెక్కించరు.

పట్టా కన్నా పరిజ్ఞానమే ముఖ్యమనుకుంటే, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో విశ్వవిద్యాలయాల అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలనుకున్నప్పుడే పరీక్ష రుసుము చెల్లించాలి.