కార్డు చెల్లకపోతే పంటి వైద్యం లేనట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. మా అమ్మకు దవడ పళ్లు పుచ్చి చాలా రోజులుగా నొప్పి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే పళ్లు చూసే కుర్చీ చెడిపోయిందని, బయట చూపించుకోమని పంపేశారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద కూడా కుదరదన్నారు. కూలి చేసుకునే మేము ప్రైవేటు ఖర్చు భరించలేం. బడికి వెళ్లే మా అబ్బాయి పళ్లు కూడా గార పట్టాయి. ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: వినియోగదారుల కమిషన్ మీకు సరైన దారి కాదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం కూడా ఉచిత సేవను మినహాయించింది.

వైద్య సేవ పథకం గురించి మీకు చెప్పింది చాలావరకు నిజం. నోటి క్యాన్సర్, ప్రమాదంలో దవడ ఎముక విరగడం వంటి పెద్ద చికిత్సలకే అది ఉపయోగపడుతుంది. కానీ పథకం వర్తించకపోవడం వేరు, ఆసుపత్రిలో వైద్యం లేకపోవడం వేరు. ఓపీలో పుచ్చిన పన్ను తీయించుకోవడానికి ఆ కార్డుతో పనే లేదు. కార్డు చెల్లదనగానే వైద్యమే లేదనుకుని పేదలు నొప్పితో ఇంటికి తిరిగి రావడం నన్ను చాలా బాధపెడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సాధారణంగా పంటి డాక్టరు ఉండరు. దగ్గరలోని సామాజిక ఆరోగ్య కేంద్రంలో పని జరగకపోతే కావలి ఏరియా ఆసుపత్రిలోనో, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో అడగండి.

అమ్మగారి బుగ్గ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా అది అత్యవసరం. ఓపీ వేళల కోసం ఆగకుండా 108కి ఫోను చేయండి. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని, నిధులు లేవన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. కట్టుడు పళ్ల వంటి వాటికి ఇంత గట్టి తీర్పు ఆధారం లేదు.

ఇక అసలు సంగతి. మిమ్మల్ని నోటిమాటతో పంపేశారు, అదే వారికి రక్షణ. మళ్లీ వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. వైద్యం ఎందుకు చేయలేకపోతున్నారో, ఏ ఆసుపత్రికి పంపుతున్నారో దాని మీద రాసి సంతకం చేయమని మర్యాదగా అడగండి. రాయకపోతే తేదీ, సమయం, జరిగినది మీరే రాసుకోండి. ఆ వివరాలతో ఆసుపత్రి సూపరింటెండెంటుకు అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద ఆసుపత్రికి దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, తెల్ల రేషన్ కార్డు నకలు జతచేయండి. కుర్చీ ఏ తేదీ నుంచి పని చేయడం లేదు? బాగు చేయించమని ఎవరికి, ఎప్పుడు రాశారు? దంత వైద్యుల పోస్టులు ఎన్ని, అందులో ఖాళీలెన్ని? గత ఆరు నెలల్లో ఎన్ని పళ్లు తీశారు? ఇవి చాలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మరమ్మతు కోసం ఒక్క ఉత్తరమైనా రాయలేదని తేలితే, నిర్లక్ష్యానికి అదే మీ చేతిలోని రుజువు.

మీ అబ్బాయి సంగతి తేలిక. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పంటి సమస్యలూ ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి అబ్బాయి పేరు రాయించండి. మెట్టలో బోరు నీటి ఫ్లోరైడ్ వల్ల కూడా పళ్లపై మచ్చలు వస్తాయి, కాబట్టి తాగే నీటిని పరీక్ష చేయించండి.

ఇంత చేసినా జవాబు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా మీకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆసుపత్రి సేవల వివాదాలు శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకి వస్తాయి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. వెళ్లేముందు న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేయవచ్చు. ఓపీ చీటీ, ముద్ర వేసిన అర్జీ నకలు, కలెక్టరేట్ రసీదు, సమాచార దరఖాస్తుకు వచ్చిన జవాబు వెంట తీసుకెళ్లండి.