ఇల్లు – మరమ్మతు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మాది పాత ఇల్లు. పై అంతస్తు నేలంతా చెక్క దూలాల మీదే ఉంది. అత్తగారు బాత్‌టబ్ అంచు దాటలేకపోతున్నారు. టబ్ తీసేసి, గడప లేని వెట్‌రూమ్ (షవర్ నీళ్లు నేల మీద పడి, నేలలోని డ్రెయిన్‌లోకే పోయే స్నానాల గది) చేయించాలనుకుంటున్నాం. మన ఊళ్లో చేసినట్టు సిమెంటు పోసి వాలు తీయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: సిమెంటు ఆలోచన మానుకోండి. 50 మి.మీ. మందాన ఇసుక, సిమెంటు పోస్తే చదరపు మీటరుకు 100 కిలోల పైమాటే. అక్కడి ఇళ్లలో మనుషులు, సామాను కలిపి నేల మోయాల్సిన బరువును లెక్కగట్టేదే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. పైగా నడిస్తే దూలం కాస్త వంగుతుంది, సిమెంటు వంగదు. బీటలిస్తుంది.

ముందు నేల చెక్క పలకలు విప్పి దూలాలు ఎటు పరిచారో చూడండి. డ్రెయిన్ ఎక్కడుండాలో తేల్చేది అదే, టైల్స్ డిజైన్ కాదు. వాడిన నీళ్లు పోయే 40 మి.మీ. వేస్ట్ పైపు రెండు దూలాల మధ్య సందులో, వాటి వెంటే పోవాలి. వాలు మీటరుకు కనీసం 18 మి.మీ.; విడిగా గాలి గొట్టం లేకపోతే పొడవు 3 మీటర్లు దాటకూడదు. దూలాన్ని తొలిచి అడ్డంగా తీసుకెళ్లాలంటే మాత్రం చిక్కే. రంధ్రం దూలం లోతులో పావు వంతు మించకూడదు, సరిగ్గా నడిమి గీత మీదే ఉండాలి. 150 మి.మీ. దూలంలో 37 మి.మీ. రంధ్రానికే చోటు, పైపు బయటి కొలతేమో 43. పైనుంచి గాడి కోసేస్తానని ప్లంబరు అంటే అస్సలు ఒప్పుకోవద్దు, గాడికి అనుమతి ఎనిమిదో వంతే.

వాలు కోసం షవర్ కింద నేలలో అమర్చే, ముందే వాలు తీసిన ట్రేలు అమ్ముతారు. సుమారు 22 మి.మీ. మందముండే రకమైతే పలకలు తీసిన చోట దూలాల మీదే కూర్చుని చుట్టూ ఉన్న నేలతో సమంగా కలుస్తుంది. ట్రే అంచు ఒక్కటి కూడా గాల్లో ఉండకూడదు. దూలాల మధ్య అడ్డచెక్కలు బిగించి నాలుగు వైపులా ఆనించాలి. అత్తగారు స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తారా? అయితే ఫోమ్ ట్రే వద్దు. బరువంతా నాలుగు కాళ్ల కింద పడి ట్రే మీద అతికించిన చిన్న మొజాయిక్ టైల్ ముక్కలు కుంగిపోతాయి. ఫైబర్‌గ్లాస్ ట్రే మీద జారని వినైల్ పరిచి, గోడ మీదికి 100 మి.మీ. మలిపించడం పెద్దవాళ్లకు టైల్స్ కన్నా మేలు.

టైల్సే కావాలంటే వాటి కింద నీటిని ఆపే పూత తప్పదు. మూలల్లో, ట్రే అతుకుల మీద టేపు, ఆపైన రెండు కోట్లు. ఒకటి ఆరాకే రెండోది. షవర్ దగ్గర గోడకు పూర్తి ఎత్తున, మిగతా గది నేలంతటా వేయించండి. చెంబు స్నానం అలవాటున్న ఇంట్లో నీళ్లు ట్రే దగ్గరే ఆగవు కదా! పూత ఆరాక డ్రెయిన్ మూసి, నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచండి. కింది సీలింగ్ పొడిగా ఉంటేనే టైల్స్ మొదలుపెట్టాలి.

ట్రాప్ (డ్రెయిన్ కింద కాసిన్ని నీళ్లు నిలిపి దుర్వాసన ఆపే భాగం) కొన్న పెట్టె మీద నిమిషానికి ఎన్ని లీటర్లు లాగుతుందో రాసి ఉంటుంది. మీ షవర్‌ను నిమిషం పాటు బకెట్‌లోకి వదిలి కొలవండి. ట్రాప్ అంకె దానికన్నా బాగా ఎక్కువుండాలి.

ప్రశ్న: ఇలాంటి వెట్‌రూమే మాకూ ఉంది. డ్రెయిన్ చుట్టూ టైల్స్ సందుల్లో నింపిన గ్రౌట్ చిట్లింది, కింది సీలింగ్‌లో మరక కనిపిస్తోంది. నేలంతా తవ్వించాలా?
– ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: తొందరపడకండి. నేల తడవకుండా, గరాటుతో తిన్నగా డ్రెయిన్‌లోకి రెండు బకెట్లు పోయండి. మరక తడిస్తే లోపం ట్రాప్‌లోనో పైపు అతుకులోనో ఉంది. సీలింగ్ కోసి కింది నుంచే సరిచేయొచ్చు. తడవకపోతే నేల పూర్తిగా ఆరనిచ్చి, డ్రెయిన్ మూసి, నీళ్లు నిలపండి. అప్పుడు కారితే పూత గానీ, డ్రెయిన్ మెడ దగ్గర ఆ పూతను బిగించే రింగు గానీ పోయినట్టే. గ్రౌట్ చిట్లిందంటే అక్కడ నేల ఊగుతోందేమో కూడా చూడండి. అడ్డచెక్కలు లేని ట్రే అయితే ఎన్నిసార్లు గ్రౌట్ నింపినా నిలవదు, ఆ భాగం విప్పాల్సిందే.