రక్తం తీసి ఎక్కిస్తే స్టెమ్ సెల్ వైద్యం అవుతుందా?

ప్రశ్న: నా వయసు 29. నడినెత్తిన, నుదురుకు రెండు పక్కలా జుట్టు పలచబడింది. స్టెమ్ సెల్ వైద్యమట, నా రక్తమే తీసి తలలోకి ఎక్కిస్తే కొత్త కుదుళ్లు పుడతాయని నెల్లూరులో ఒక క్లినిక్‌లో చెప్పారు. చేయించుకోమంటారా? ఇంట్లోవాళ్లేమో మా బోరు ఉప్పునీళ్ల వల్లే ఊడుతోందంటున్నారు.
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: వాళ్లు చెప్పింది పీఆర్‌పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా), స్టెమ్ సెల్ వైద్యం కాదు. స్టెమ్ సెల్ అంటే విభజన చెంది వేరే రకం కణాలుగా మారగల మూలకణం. చేతి నరంలోంచి 15, 20 మి.లీ. రక్తం తీసి యంత్రంలో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పసుపుపచ్చని ద్రవం పైకి తేరుతుంది. అందులో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు) ఎక్కువగా ఉన్న భాగాన్ని సన్నసూదితో తలచర్మంలోకి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకమే ఉండదు, అది విభజన చెందలేదు, కాబట్టి అది పెరిగి కుదురయ్యే ప్రశ్నే లేదు. బతికున్న సన్నని వెంట్రుకలకు కొందరిలో కాస్త బలమొస్తుంది, అంతే. నున్నగా మెరిసేచోట ఎక్కిస్తే డబ్బు దండగ.

అసలు కణచికిత్స వేరు. వెంట్రుక కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అనే చిన్న కణాల గుత్తి ఉంటుంది. వెంట్రుక మొలవాలని చర్మానికి చెప్పేది అదే. తల వెనక భాగం నుంచి దాన్ని తీసి, ల్యాబ్‌లో పెంచి, పలచబడినచోట పెట్టాలన్నది ఆలోచన. చిక్కల్లా పెంచడంలోనే. పళ్లెంలో పరిస్తే కణాలు పెరుగుతాయిగానీ వెంట్రుకను మొలిపించే గుణం పోగొట్టుకుంటాయి. 2013లో కొలంబియా, డరమ్ యూనివర్సిటీల పరిశోధకులు ఈ కణాలను తలకిందులుగా వేలాడే ద్రవపు చుక్కల్లో పెంచి, వాటిని మళ్లీ ఉండకట్టేలా చేశారు. ఎలుకలకు అతికించిన మనిషి చర్మంలో, ఏడుగురు దాతల్లో అయిదుగురి కణాలతో వెంట్రుకలు మొలిచాయి. అయితే తలమీద సరైన వాలులో, సరైన లావులో, ఏళ్ల తరబడి నిలిచేలా మొలిపించడం ఇంకా చేతికి రాలేదు.

నారు పీకి నాటేసినట్టు ఉన్న కుదుళ్లను చోటు మార్చేదే ఇప్పటి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. దానితో కుదుళ్ల లెక్క పెరగదు.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలు క్లినికల్ ట్రయల్‌గానే (అనుమతితో మనుషులపై చేసే పరీక్షగానే) జరగాలి. అలాంటి ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు చూపకుండా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.

మీ వయసుకు ముందుగా చేయాల్సింది 5 శాతం మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి తలకు రాసే మందు). పొడి తలమీద, జుట్టుకు కాకుండా చర్మానికి తగిలేలా, పొద్దున 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. రాయండి. మొదటి రెండు నెలల్లో ఊడటం ఎక్కువవచ్చు. చాలామంది భయపడి అక్కడే ఆపేస్తారు, దయచేసి ఆపకండి. కనీసం నాలుగు నెలలు చూడాలి. ఫలితం వచ్చాక మానేస్తే వచ్చిన జుట్టూ పోతుంది. జుట్టు ఊడటాన్ని తగ్గించే ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర చర్మవైద్యుణ్ణి కలిశాకే వాడాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, మనసులో దిగులు ఉన్నా ఆయనకు చెప్పండి.

ఇక ఉప్పునీళ్లు. వాటితో జుట్టు పీచులా అయి తెగుతుందేగానీ నడినెత్తి బట్టతల రాదు. దువ్వెనకు వచ్చిన వెంట్రుక చివర చూడండి. తెల్లటి చిన్న బుడిపె ఉంటే కుదురు నుంచి వచ్చింది, లేకపోతే మధ్యలో తెగింది. తెగేవే ఎక్కువుంటే తలస్నానం ఆఖరున రెండు చెంబుల మంచినీళ్లు పోసుకోండి, చాలు.