అత్తగారి బొంత, ఒంటిచేతి స్వెట్టరు

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది రేకు ట్రంకు కిందికి దిగింది. అందులో మా అబ్బాయికి అయిదేళ్ళప్పుడు మొదలుపెట్టిన నీలం స్వెట్టరు ఉంది. ముందు భాగం, వెనక భాగం అయిపోయాయి. ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చి సూది మీదే ఉండిపోయింది. ఒక ఉండా, ఇంకో అర ఉండా ఊలు మిగిలింది. అబ్బాయికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు, పుణెలో ఉద్యోగం. దాని కింద మా అత్తగారు కుడుతూ వదిలేసిన బొంత ఉంది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. రెండూ పూర్తి చెయ్యాలని ఉంది గానీ చేతిలోకి తీసుకుంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచడం లేదు. పైగా అత్తయ్య కుట్టు సన్నం, నాది పెద్దది. పక్కపక్కన పడితే ఏం బాగుంటుంది?
— ఒక కోడలు, రాయగడ (ఒడిశా)

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. నేనూ రాయగడలోనే పుట్టాను. అప్పటికి మన ఊరు కొరాపుట్ జిల్లాలోదే, 1992లో కదా వేరే జిల్లా అయింది. పెళ్ళయి సునాబెడా వచ్చాక, విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ కాలనీలో పక్కింటి పంజాబీ ఆవిడ నాకు ఊలు అల్లడం నేర్పింది. అందుకే ఈనాటికీ నా నోట సూటి కుట్టుకి సీదా, తిరగేసి వేసే కుట్టుకి ఉల్టా అనే వస్తాయి. ఈ కొండ మీద డిసెంబరు పొద్దుట పిల్లల్ని బడికి పంపాలంటే స్వెట్టరు లేకుండా కుదరదు. కాబట్టి నీ స్వెట్టరు సంగతి ముందు చూద్దాం. బొంతకి తొందర లేదు.

అది ఇప్పుడు ఎవరు తొడుక్కుంటారో తేల్చుకో. ఆ మాట తేలకుండా సూది పట్టుకుంటే అది మళ్ళీ ట్రంకులోకే పోతుంది. మీ అబ్బాయికి పనికొచ్చేలా విప్పి అల్లుదామని మాత్రం అనుకోవద్దు. పెద్దవాళ్ళ స్వెట్టరుకి నాలుగు వందల గ్రాముల పైనే ఊలు పడుతుంది, నీ దగ్గరున్నదంతా కలిపినా అందులో సగం ఉంటుందేమో. చుట్టాల్లోనో, మీ వీధిలోనో నాలుగైదేళ్ళ బిడ్డ ఎవరో ఒకరు ఉంటారు. ఆ బిడ్డని పిలిచి ఛాతీకి టేపు పెట్టు. స్వెట్టరు చుట్టుకొలత దానికంటే రెండు మూడంగుళాలు ఎక్కువుంటే చాలు.

తర్వాత ముందు, వెనక భాగాల్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడు. పురుగు కొట్టిన చోట పిన్ను తల అంత కన్నాలు కనిపిస్తాయి. కనిపిస్తే అదే ఊలుతో మోటు సూదిపెట్టి అప్పుడే రఫ్ఫు చేసెయ్యి, లేకపోతే ఉతికేసరికి కన్నం కిందికి జారిపోతుంది. కలరా ఉండల వాసన ఉంటే రెండ్రోజులు నీడలో గాలికి వెయ్యి.

ఇప్పుడు అసలు లెక్క. వంటింటి కాటా ఉంటే సరే, లేకపోతే కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళు. అల్లిన సగం చెయ్యి విడిగా తూచు, మిగిలిన ఊలు విడిగా తూచు. మాటవరసకి సగం చెయ్యి పద్దెనిమిది గ్రాములు తూగిందనుకో. ఈ చేతిలో మిగతా సగానికి పద్దెనిమిది, రెండో చేతికి ముప్ఫై ఆరు, అంటే యాభై నాలుగు గ్రాములు కావాలి. మెడ పట్టీకి ఇంకో పది వేసుకో. మోచెయ్యి పైన చెయ్యి వెడల్పవుతుంది కనుక ఇంకా కాస్త ఎక్కువే పట్టొచ్చు. నీ ఉండన్నర అంత తూగకపోతే పొడుగు చేతులు మరిచిపో. పద్దెనిమిదేళ్ళ కిందటి రంగు ఇప్పుడు దొరకదు. ఒకే కంపెనీ, ఒకే నంబరు రంగు కొన్నా అద్దకం మారితే ఛాయ మారుతుంది, ఎండలో తొడిగితే తెలిసిపోతుంది.

నేనైతే ఆ సగం చెయ్యి విప్పేసి చేతుల్లేని స్వెట్టరు చేస్తాను. చిన్నపిల్లలకి అదే హాయి, చొక్కా మీద వేసుకుని ఆడుకుంటారు. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది, దాన్ని అలాగే అల్లితే వరసలు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి చుట్టి చిలప చెయ్యి. నాలుగు చోట్ల తెల్ల నూలుదారంతో వదులుగా కట్టు. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో వత్తి, నీడలో వేలాడదియ్యి. అది నిజం ఊలో ఆక్రిలిక్కో తెలియకపోతే వేలెడు ముక్క కొస కాల్చి చూడు. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. ఆక్రిలిక్‌కి వంకీ పూర్తిగా పోదు, అయినా ఇస్త్రీ పెట్టకు. వేడి తగిలితే సాగి చచ్చుబడిపోతుంది, మళ్ళీ లేవదు.

ఒకవేళ ఊలు సరిపోయి చేతులు పూర్తి చేద్దామనుకుంటే, సూది మీదున్న వరస దగ్గర్నుంచి అల్లకు. ఇన్నేళ్ళు సూదికి వేలాడి ఆ కుట్లు సాగిపోయి ఉంటాయి, ఇనుప సూదైతే తుప్పు మరకా ఉంటుంది. రెండు మూడు వరసలు వెనక్కి విప్పి, అక్కడ కొత్త సూదికి ఎక్కించు. సూది నంబరు గుర్తులేకపోతే అయిపోయిన వెనక భాగంలో పది సెంటీమీటర్లకి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టు. ముప్ఫై కుట్లు వేసి చిన్న ముక్క అల్లి, అదే కొలతకి అన్నే వస్తున్నాయా చూడు. ఎక్కువొస్తే నీ చెయ్యి బిగిసింది, లావు సూది తీసుకో. మన పాత సూదుల్లో నంబరు పెరిగితే సూది సన్నమవుతుంది: ఎనిమిదో నంబరు 4 మిల్లీమీటర్లు, పదోది 3.25, పన్నెండోది 2.75. ఇప్పుడు తెప్పించే వాటి మీద మిల్లీమీటర్లే రాసి ఉంటున్నాయి, అందుకే చెబుతున్నాను.

చేతులు వద్దనుకుంటే భుజాలు కలిపి కుట్టి, చంక చుట్టూ సన్న సూదితో కుట్లు ఎత్తుకుని, రెండు సీదా రెండు ఉల్టాగా అంగుళం పట్టీ అల్లి వదులుగా ముయ్యి. బిగించి మూస్తే బిడ్డ చెయ్యి దూరదు. నాలుగు రోజుల పని.

ఇక బొంత. ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా అమ్మ వదిలిన బొంతని పదకొండేళ్ళు నేను ముట్టుకోలేదు. చూపు తగ్గి ఆపేసింది, తర్వాత మనిషే లేదు. చివరికి తీసి, అమ్మ కుట్టులాగే కుట్టాలని కూర్చున్నాను. గింజంత కుట్టు ఆవిడది. ఒక జానెడు కుట్టేసరికి మెడ పట్టేసింది, చూస్తే అమ్మదీ కాదు నాదీ కాదు అన్నట్టుంది. అదంతా విప్పేశాను. మా పక్కింటి ఒడియా ఆవిడ వాళ్ళ కంథా, అంటే వాళ్ళ బొంత, కుడుతూ ఆ పూట నా దగ్గరే కూర్చుంది. "మావుసీ, ఆవిడ తెల్లదారం ఆపిన చోట నువ్వు ఎర్రదారం పెట్టు" అంది. అలాగే పెట్టాను. ఆ బొంత మీద ఇప్పుడు అమ్మ ఎక్కడిదాకా వచ్చిందో, నేను ఎక్కణ్ణుంచి అందుకున్నానో మా మనవరాలికి కూడా తెలుసు. వేలు పెట్టి చూపిస్తుంది.

కాబట్టి మీ అత్తయ్య కుట్టుని అనుకరించకు తల్లీ. నీ కుట్టు నీదిగానే పడనీ. రంగు మార్చు, దాచాలని చూడకు. రెండు చేతులు పక్కపక్కన పడితే బాగుంటుందా అని అడిగావు. బాగుంటుంది, నేను రోజూ చూస్తున్నాను.

పని ఎలాగంటే, ముందు ఆవిడ దారాన్ని రెండు మూడు చోట్ల గోటితో మెల్లిగా లాగి చూడు. తెగితే నూలు చివికింది. ఆ వరసల మీదుగా, పాత దారం తియ్యకుండానే, నీ దారం ఒక్కసారి పోనీ. తర్వాత బొంతని గచ్చు మీద పరిచి ముడతలు తీసి, నాలుగు మూలలా పొత్రమో ఇటుకలో పెట్టు. కుట్టని భాగానికంతా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యి, మధ్య నుంచి అంచులకి. అంచుల్నుంచి మధ్యకి వస్తే గుడ్డ అంతా మధ్యలో పోగుపడుతుంది. పాత చీరలు మెత్తబడి ఉంటాయి కనుక పదునైన సన్న సూదే వాడు, మోటు సూది దారాల్ని తెంపుతుంది. సూది గుచ్చి వదిలేసిన చోట తుప్పు మరకుంటే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి కడుగు. ఇది నూలు చీరలకే, స్వెట్టరుకి చెయ్యొద్దు. రోజుకి మూర కంటే ఎక్కువ కుట్టకు. వానాకాలం రాకముందే అయిపోతే మంచిది. మన వైపు ముసురు పట్టిందంటే మందపు బొంత వారమైనా ఆరదు.

ఆవిడ గుచ్చి ఉంచిన సూది దొరికితే పారెయ్యకు. నేను మా అమ్మది కొత్త గుడ్డముక్కకి గుచ్చి, కుట్టుపెట్టెలో పెట్టుకున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, మూడేళ్ళ కిందట కత్తిరించి వదిలేసిన జాకెట్టు ముక్కలు, అస్తరుతో సహా ఉన్నాయి. ఈలోగా కాస్త ఒళ్ళు చేశాను. కుట్టొచ్చా?
— పర్లాకిమిడి

జవాబు: కుట్టొచ్చు. అస్తరు తడపకుండా కత్తిరించి ఉంటే ముందు అస్తరు ముక్కలే నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చెయ్యి, కుదించుకుపోయాక పై గుడ్డ మీద పరిచి చూడు. పక్కకుట్లకి వదిలిన గుడ్డ ఎంతో కొలువు. రెండు పక్కలా ముప్పావు అంగుళం చొప్పున ఉంటే, అందులో పావు అంగుళమే కుట్టులోకి పోనిస్తే, చుట్టూ కలిపి రెండంగుళాలు కలిసొస్తాయి. అదీ చాలకపోతే చంక కింద నుంచి నడుము దాకా రెండు పక్కలా అదే రంగు పట్టీ కలుపు, చెయ్యి దించితే కనిపించదు. ముందు కచ్చాగా కుట్టి, తొడుక్కుని, చేతులు పైకెత్తి చూసుకున్నాకే మిషను మీద పెట్టు.